గాజులు ముందు తీయండి

(పెద్దముడియంలో జరిగిన మహిళల సమావేశంలో రిటైరైన ఒక ఏఎన్ఎం చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు, ఇంత ఎండలో నడిచొచ్చిన ఆశా అమ్మాయిలకు, వెనక బెంచీల మీద ఒదిగి కూర్చున్న ఫైర్ స్టేషన్ సిబ్బందికి, 108 పిల్లలకు నమస్కారం. అబ్బీ, మీరు వెనక కూర్చోవద్దు, ముందుకు రండి. ఈ రోజు మాట్లాడుకునేది మీ గురించే.

నాకు అంశం కాగితం మీద రాసిచ్చారు. 'అత్యవసర సేవల్లో నాయకత్వం' అని. చదివి నవ్వుకున్నాను. మన సీమలో నాయకుడు అనే మాటకు ఒక అర్థం గట్టిపడిపోయింది. ముందొక బండి, వెనక రెండు బండ్లు, ఆయన దిగితే లేచి నిలబడేవాళ్లు నలుగురు. ఆ నాయకత్వం వల్ల విధవలైన ఆడవాళ్లు మన జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. నేను చెప్పబోయే నాయకులకు వెనక బండ్లు లేవు. వాళ్లే బండిలో ఉంటారు. కొందరికి ఆ బండి కూడా కాంట్రాక్టు మీదే.

అగ్నిమాపక శాఖలో 'లీడింగ్ ఫైర్‌మన్' అని ఒక ఉద్యోగం ఉంది. ఫైర్‌మన్ కంటే పైన, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ కంటే కింద. ప్రభుత్వ ఉద్యోగాల్లో నడిపించడం అనే మాట పేరులోనే ఉన్నది నాకు తెలిసి అదొక్కటే. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు మన ఊరి సంగతి.

పెద్దముడియానికి పాతపేరు ముడివేము అని చరిత్రకారులు చెప్తారు. తూర్పు చాళుక్యుల శాసనాల్లో ఒక కథ ఉంది. విజయాదిత్యుడనే రాజు త్రిలోచన పల్లవుడి మీద యుద్ధానికొచ్చి చచ్చిపోయాడు. అతని భార్య అప్పుడు గర్భిణి. కొందరు పరివారంతో పారిపోయి ముడివేము అగ్రహారానికి వచ్చింది. విష్ణుభట్ట సోమయాజి అనే బ్రాహ్మణుడు ఆశ్రయమిచ్చి కూతురిలా చూసుకున్నాడు. ఇక్కడే పుట్టిన బిడ్డ విష్ణువర్ధనుడు పెద్దవాడై రాజ్యం సంపాదించాడు. ఇది చరిత్రో కల్పనో తేల్చడం పండితుల పని. నేను మాత్రం పురుళ్లు పోసినదాన్ని కాబట్టి నాకు వేరే అనుమానం వస్తుంది. ఆశ్రయమిచ్చినాయన పేరుంది, పుట్టిన కొడుకు పేరుంది. పరుగెత్తి పరుగెత్తి వచ్చిన ఆ చూలింతను పడుకోబెట్టి, నీళ్లు కాచి, బొడ్డు కోసిన ఆడమనిషి పేరు? ఆ రోజుకు ఈ ఊళ్లో అత్యవసర సేవ చేసింది ఆమే కదా. రాతిమీద ఆమెకు చోటు దొరకలేదు. ఇప్పటికీ అలాంటి వాళ్లకు చోటు తక్కువే.

నేను 1985లో ఏఎన్ఎంగా చేరి 2019 చివర్లో దిగిపోయాను. ఈ ముప్పై నాలుగేళ్లలో కుందూ ఒడ్డు పల్లెల్లో చాలా పురుళ్లు పోశాను, చాలా చావులు చూశాను. వాటిలో ఒక చావు గురించి ఇన్నాళ్లూ ఏ సభలోనూ చెప్పలేదు. ఈ రోజు చెప్తాను.

1993 ఎండాకాలం. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పక్క ఊరి నుంచి ఒక పిల్లవాడు సైకిల్ మీద రొప్పుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ల కోడలు, పెళ్లై మూడేళ్లు. పంపు స్టౌ పేలి కాలిందని చెప్పారు. నేను పోయేసరికి ఆమెను వాకిట్లో ఈతచాప మీద పడుకోబెట్టారు. ఒకరు పసుపు చల్లారు, ఒకరు కోడిగుడ్డు సొన పూశారు, బడి పిల్లాడి సిరాబుడ్డి తెచ్చి ఇంకెవరో పోశారు. పెరట్లో తొట్టి నిండా నీళ్లున్నాయి. ఆ నీళ్లు మాత్రం ఎవరూ పోయలేదు. నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని ఊరంతా నమ్మకం. తొట్టిలో నీళ్లు అట్లాగే ఉన్నాయి. ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేది ఆ తొట్టే.

చేతులకు గాజులున్నాయి. మట్టిగాజుల మధ్య రెండు లోహపు గాజులు, వేలికి ఉంగరం, కాళ్లకు మెట్టెలు. కాలిన చెయ్యి గంటల్లో వాస్తుంది. వాచినకొద్దీ గాజు బిగుసుకుని నెత్తురు పారకుండా చేస్తుంది. అది నాకు ట్రైనింగులో చెప్పారు. నేను గాజులు తీయబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. 'మొగుడు బతికుండగా ముత్తైదువ చేతి గాజులు తీస్తావా, నీకు పాపం పుణ్యం లేదా' అన్నది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లందరూ ఆమె పక్షమే. నేను ఆగిపోయాను. నేను కూడా మొగుడున్నదాన్నే, నా చేతికీ గాజులున్నాయి. ఆ మాట నా చెవికి తప్పుగా వినిపించలేదు. అది మీరు గమనించాలి.

ట్రాక్టర్ ట్రక్కులో వడ్లగోతాలు పరిచి తీసుకుపోయాం. మొదటి ఆసుపత్రిలో ఇక్కడ కాదన్నారు. రెండో ఆసుపత్రిలో పోలీసు కేసు, ముందు కాగితం తెమ్మన్నారు. మూడో చోటికి చేరేలోపు సాయంత్రమైంది. వేళ్లు అప్పటికే నల్లబడ్డాయి. దారిలో ఒకచోట ట్రాక్టర్ ఆగింది, భర్త నీళ్లకని దిగాడు. అప్పుడామె నా కొంగు లాగి, 'అక్కా, స్టౌ పేలలేదు' అన్నది. అంతే. మళ్లీ ఆయన ఎక్కాడు. తెల్లారేలోపు ఆమె పోయింది.

స్టౌ పేలడం వల్ల మరణం అని రాశారు. నన్నెవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ ఊళ్లోనే తిరగాలి, ఆ ఇంటి ముందునుంచే పోలియో చుక్కలకు పోవాలి. ఆడ ఉద్యోగి భయాలు మీకు తెలియనివి కావు. కానీ భయం వేరు, తప్పు వేరు. గాజులు తీయకపోవడం తప్పు. మాట దాచిపెట్టడం అంతకంటే పెద్ద తప్పు. ఆ రెండూ నావే.

చట్టం ఏం చెప్తుందో తర్వాత ఇలాంటి సమావేశాల్లోనే తెలుసుకున్నాను. పెళ్లైన ఏడేళ్లలోపు ఆడపిల్ల కాలిన గాయాలతోగానీ అసహజంగాగానీ చనిపోయి, చావుకు ముందు కట్నం కోసం వేధించారని తేలితే అది వరకట్న మరణం. 1986లో శిక్షాస్మృతిలో 304బి సెక్షనుగా చేర్చారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 80వ సెక్షను. ఇక మరణ వాంగ్మూలం. మేజిస్ట్రేటు వచ్చి రాసుకుంటేనే చెల్లుతుందని అందరం అనుకుంటాం. మేజిస్ట్రేటు రాస్తే బలం ఎక్కువ, నిజమే. కానీ చచ్చిపోబోయే మనిషి తన చావుకు కారణం ఎవరితో చెప్పినా అది సాక్ష్యమే. నాతో చెప్పినా, ఫైర్‌మన్‌తో చెప్పినా, 108 పిల్లాడితో చెప్పినా. నోరు పెగలక సైగ చేసినా సరే. 1872 సాక్ష్య చట్టంలో 32వ సెక్షనుగా ఉండేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 26. డాక్టరు సర్టిఫికెట్ లేనంత మాత్రాన వాంగ్మూలాన్ని తోసిపారేయనక్కర్లేదని 2002లో లక్ష్మణ్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి చెప్పింది. అంటే ఆ ట్రాక్టర్ ట్రక్కులో నా చెవిలో పడింది సాక్ష్యం. నేనది నా దగ్గరే ఉంచుకున్నాను.

మూడు ఆసుపత్రులు తిరిగిన సంగతి కూడా చెప్పాలి. ఆ మరుసటి కాలంలోనే దీనిమీద ఒక తీర్పు వచ్చింది. బెంగాల్లో హకీమ్ షేక్ అనే వ్యవసాయ కూలీ 1992లో రైలునుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కలకత్తాలో ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవనీ సౌకర్యం లేదనీ తిప్పి పంపాయి. ఆయన సభ్యుడిగా ఉన్న కూలీల సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకు పోయింది. 1996లో కోర్టు, సమయానికి అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమే అని చెప్పి, పాతికవేల రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బుల్లేవు అన్న సాకు ప్రభుత్వం చెప్పడానికి వీల్లేదంది. పోలీసు కాగితం కోసం వైద్యం ఆపకూడదని అంతకుముందే 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. గమనించారా, 1989. మమ్మల్ని కాగితం తెమ్మన్నది 1993లో. తీర్పు ఢిల్లీ నుంచి మన ఆసుపత్రి గుమ్మం దాకా రావడానికి ఏ బండీ ఉండదు కాబోలు. మనమే మోసుకురావాలి. అందుకే ఈ కేసుల పేర్లు మీచేత నోటికి చెప్పిస్తున్నాను.

మనిషి రోడ్డుమీద పడి ఉంటే తాకడానికి భయపడేవాళ్లకు కూడా ఒక మాట. సాయం చేసినవాళ్లను పోలీసులు ఇబ్బంది పెట్టకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షను చేర్చారు. మీరు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. అది మన పల్లెలదాకా వచ్చాక నా ఉద్యోగమే మారిపోయింది. అంతకుముందు నొప్పులొచ్చిన మనిషిని నవారు మంచం మీద మోసుకుని నల్లరేగడి బురదలో తారురోడ్డుదాకా రావాలి. తర్వాత బస్సో, లారీయో, దేవుడో. 108 వచ్చాక నాకు మొదటిసారి ఫోన్‌లో 'మేడం, పేషెంటు స్పృహలో ఉందా' అని అడిగిన గొంతు వినబడింది. అవతల ఒకడున్నాడు, వస్తున్నాడు అనే ధైర్యం అంతకుముందు లేదు. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 బండ్లను ఒకేసారి రోడ్డెక్కించారు. మండలానికొక 108 అన్నారు. మంచిదే. బండ్లను వరసగా నిలబెట్టి తీసిన ఫోటో అన్ని పేపర్లలో వచ్చింది. బండి లోపల కూర్చునే మనిషి ఫోటో రాలేదు.

ఆ లోపలి మనిషిని నేను చూసింది 2011లో. మళ్లీ కోడలే, మళ్లీ కాలడమే. ఈసారి నీళ్లు నేనే పోయించాను, ఇరవై నిమిషాలు, చల్లటి కొళాయి నీళ్లు. ఐసు కాదు. బండి వచ్చింది. దిగినవాడికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో, ఈఎంటీ. పులివెందుల దిక్కు పిల్లవాడని మాటను బట్టి తెలిసింది. చెయ్యి చూసి నేరుగా గాజుల దగ్గరికే పోయాడు. మట్టిగాజులు కొన్ని నేను తీశాను. లోహపు గాజు దిగలేదు. బండి నడిపే పైలట్‌ను కటింగ్ ప్లేయర్ తెమ్మన్నాడు. అత్తగారు మొదలుపెట్టింది, పద్దెనిమిదేళ్ల కిందట నేను విన్న మాటలే, అక్షరం తేడా లేదు. ఆ పిల్లవాడు తల కూడా ఎత్తకుండా, 'అవ్వా, గాజులు రేపు సంతలో కొనుక్కోవచ్చు. వేళ్లు ఏ సంతలో అమ్ముతారో చెప్పు' అన్నాడు. కత్తిరించాడు. ఉంగరం తీశాడు, మెట్టెలు తీశాడు. తీసినవన్నీ ఒక గుడ్డలో మూటగట్టి, ఇన్ని ఉన్నాయని అందరి ముందూ లెక్కచెప్పి, ఆమె తల్లి చేతికిచ్చాడు. అత్త చేతికి ఇవ్వలేదు. అది ఎవరు నేర్పారో వాడికి!

భర్త వెనక ఎక్కబోయాడు. 'అన్నా, నువ్వు ముందు పైలట్ పక్కన కూర్చో, దారి చెప్పాల' అన్నాడు. దారి పైలట్‌కు తెలియక కాదు. నన్ను వెనక ఎక్కించాడు. తలుపు వేశాక ఆమెతో, 'అక్కా, ఏం జరిగిందో చెప్పాలనుకుంటే చెప్పు. నేను రాసుకుంటా, ఈ అక్క వింటాది' అన్నాడు. ఆమె చెప్పింది. చెప్పినట్టే ఆమె మాటల్లో రాశాడు, టైము వేశాడు, నాచేత కింద సంతకం పెట్టించాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది. ఆమె బతికింది. రెండు వేళ్లు సరిగా ముడవలేదు. తన సంగతి తర్వాత తనే కోర్టులో చెప్పుకుంది. ఇప్పుడు ప్రొద్దుటూరులో మిషన్ కుడుతోంది.

నేను నాయకత్వం అంటే ఆ పిల్లవాడి గురించే చెప్తాను. వాడు ఉపన్యాసం ఇవ్వలేదు. పితృస్వామ్యం అనే మాట వాడెప్పుడూ విని ఉండడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించాడు. ఒక తలుపు వేశాడు. నా ఉద్యోగం వాడికంటే పెద్దది, జీతం ఎక్కువ, పర్మనెంటు. పద్దెనిమిదేళ్ల ముందు నేను చేయలేనిది వాడు కాంట్రాక్టు ఉద్యోగంలో ఉండి చేశాడు.

ఇలాంటి వాళ్లు ఆకాశంనుంచి ఊడిపడరు, తయారుచేస్తే అవుతారు. అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊళ్లో 1967లో ఫ్రీడం హౌస్ అంబులెన్సు అని ఒకటి మొదలైంది. అప్పటిదాకా అక్కడ నల్లజాతి పేటల్లో జబ్బుపడ్డ మనిషిని పోలీసు వ్యానులో వేసుకుపోయేవాళ్లు, చూసే దిక్కుండేది కాదు. పీటర్ సాఫర్ అనే డాక్టరు, పనికిరారని లోకం తోసేసిన నల్లవాళ్లను, ఆడా మగా, ఎంచుకుని నెలల తరబడి శిక్షణ ఇచ్చాడు. తర్వాత నాన్సీ కరోలైన్ అనే డాక్టరమ్మ వాళ్లతో పాటు బండిలోనే తిరిగి నేర్పింది, నేర్చుకుంది, ఆ పనికి పాఠ్యపుస్తకం రాసింది. అంబులెన్సులో వైద్యం అంటే ఎలా ఉండాలో ఆ దేశానికి చూపించింది ఆ బీద పేటవాళ్లే. 1975లో నగరపాలన సొంత సర్వీసు పెట్టుకుని ఫ్రీడం హౌస్‌ను మూయించింది. దాంట్లో పనిచేసినవాళ్లలో చాలామంది వెనక్కి నెట్టబడ్డారు. పేదవాడు పని కనిపెడతాడు, పేరు వచ్చాక పెద్దవాడు వచ్చి కూర్చుంటాడు. పిట్స్‌బర్గ్ అయినా పెద్దముడియం అయినా అంతే.

మన 108లో కూడా నడిపే సంస్థలు ఇన్నేళ్లలో మారుతూ వచ్చాయి. సంస్థ మారినప్పుడల్లా ఆ పిల్లలకు, రేపు ఉంటామా ఊడతామా అనే దిగులు. పన్నెండు గంటల షిఫ్టులు చేశారు. సమ్మెలు చేశారు. సమ్మె చేస్తే 'ప్రాణాలతో ఆటలా' అని మనమే తిట్టాం. నిద్రలేని పైలట్ నూరు కిలోమీటర్ల వేగంతో బండి తోలడం ఎవరి ప్రాణాలతో ఆట? ఆ బండిలో ఆడ ఈఎంటీ అయితే ఇంకో సంగతి. రాత్రి డ్యూటీలో ఆమె ఎక్కడికి పోవాలి, ఏ బాత్రూముకు పోవాలి? అది ఎవరూ ఆలోచించరు. 'సేవ' అనే మాట నాకు అందుకే కొంచెం అనుమానం. ఆశాల పని సేవ అన్నారు, ఎన్నేళ్లు జీతం అనకుండా పారితోషికం అన్నారు. సేవ అని దండం పెడితే జీతం అడగడానికి నోరు రాదు. దండాలు వద్దు, జీతం సమయానికివ్వండి.

ఇప్పుడు లీడింగ్ ఫైర్‌మన్ సంగతి. కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో ఒక ఊళ్లో వామిదొడ్లు అంటుకున్నాయి. మన పల్లెల్లో వామిదొడ్లు ఊరిని ఆనుకునే ఉంటాయి. గాలి దక్షిణానికి తిరిగింది. ఆ దిక్కు దళితవాడ, బోద కొట్టాలు. 101కు ఫోన్ చేస్తే ఫైర్ ఇంజను వచ్చింది. ఒక ఇంజనులో మామూలుగా నాలుగున్నర వేల లీటర్ల నీళ్లుంటాయి. వినడానికి చాలా అనిపిస్తుంది, హోస్ పైపు పూర్తిగా తెరిస్తే నిమిషాల్లో ఖాళీ. ఊరి పెద్దమనిషి ముందు నిలబడి, ముందు నా వామి మీద కొట్టండి అన్నాడు. ఆయన వామి ఇంకా అంటుకోలేదు. మంటకూ కొట్టాలకూ మధ్యలో ఉంది. ఆ లీడింగ్ ఫైర్‌మన్ గాలి చూశాడు. ఉన్న నీళ్లు కొట్టాల కప్పులు తడపడానికి పెట్టి, పెద్దమనిషి వామిని కొక్కేలతో లాగి చెదరగొట్టించాడు. మంట దాటకుండా మధ్యలో ఖాళీ కావాలి కదా. పెద్దమనిషి అరుస్తున్నాడు, ఆయన మనుషులు అరుస్తున్నారు. ఈయన 'మీరు తర్వాత కంప్లయింట్ రాయండి సార్' అన్నాడు, మర్యాదగానే.

నీళ్లు అయిపోవస్తున్నాయి. ఏ బోరుకు కరెంటుంది అని అడిగాడు. మగవాళ్లు నలుగురు నాలుగు చెప్పారు. ఒక ముసలవ్వ, 'ఈ యాళకు త్రీఫేజు లేదు నాయనా, బడి ఎనక తొట్టి నిండి ఉంది, నేను పొద్దున చూస్తి' అన్నది. ఇంజను అక్కడికే పోయింది. ఊళ్లో ఏ గంటకు ఎక్కడ నీళ్లుంటాయో బిందె మోసేవాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తుంది? కొట్టాలు ఒక్కటీ కాలలేదు. మూడు నెలలకు ఆయనకు బదిలీ అయింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను.

ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు, స్కూళ్లకు వచ్చి సిలిండరు ఆర్పి చూపిస్తారు. ఆ తేదీ ఎందుకో పిల్లలకు చెప్పండి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడలో పత్తి బేళ్లకు నిప్పంటుకుంది. అదే ఓడలో మందుగుండు ఉంది. ఆర్పడానికి పోయిన ఫైర్‌మన్లలో 66 మంది పేలుడులో చనిపోయారు. పత్తి సంగతి ప్రొద్దుటూరు చుట్టుపక్కల వాళ్లకు వేరే చెప్పాలా! పైన ఆరినట్టే ఉంటుంది, బేలు లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఇళ్లలో ఆడవాళ్ల బతుకులాగే అని మా స్నేహితురాలు ఒకామె అంటుంది. నాకా పోలిక నచ్చదు. బేలుకు నోరు లేదు, మనకుంది.

ఆ స్టేషన్లలో నేను ఇంతవరకు యూనిఫాం వేసుకున్న ఆడమనిషిని చూడలేదు. బరువులు మోయలేరు, నిచ్చెనలు ఎక్కలేరు అంటారు. తలమీద రెండు, చంకలో ఒకటి బిందెలు పెట్టుకుని మిద్దెమెట్లు ఎక్కేవాళ్లను చూస్తూనే అంటారు. నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాలలో 2002లో హర్షిణీ కన్హేకర్ చేరేదాకా ఆ కోర్సులో ఒక్క ఆడపిల్ల లేదు. తమిళనాడులో 2003లోనే ప్రియా రవిచంద్రన్, మీనాక్షీ విజయకుమార్ ఫైర్ ఆఫీసర్లయ్యారు. 2012 జనవరిలో చెన్నై ఎళిలగం మంటల్లో ప్రియా రవిచంద్రన్ కాలిన గాయాలతో ఆసుపత్రి పాలై, కోలుకుని మళ్లీ డ్యూటీకి వచ్చారు. ఇది ఆడవాళ్లకు నాలుగు ఉద్యోగాల కోసం అడుగుతున్నదే కాదు. కాలిపోతున్న ఇంట్లోనుంచి ఒంటిమీద గుడ్డ లేని ఆడమనిషిని బయటికి తేవాలి. తలుపు దగ్గర ఇద్దరు మగవాళ్లు నిలబడితే ఆమె సిగ్గుతో లోపలికే పోయింది. అది నేను కళ్లారా చూశాను. ఆ క్షణం ఒక ఆడగొంతు 'రా చెల్లీ' అని పిలిచి ఉంటే?

2019 సెప్టెంబరులో కుందూ పొంగినప్పుడు నా ఉద్యోగానికి ఇంకా మూడు నెలలే ఉంది. నీళ్లు ఊళ్ల చుట్టూ నిలిచాయి. అందరూ ఫోన్లు చేస్తున్నారు, ఎవరిని ముందు తేవాలో తెలియట్లేదు. నా రిజిస్టరులో ఏ ఇంట్లో ఎవరికి ఏ నెల, ఎవరికి ఏ తేదీ అని ఉంది. ఆ నెలలో కాన్పుకు ఉన్నవాళ్ల పేర్లు తెల్లకాగితం మీద రాసి సహాయానికి వచ్చిన సిబ్బందికి ఇచ్చాను. వాళ్లు ఆ వరసలోనే పోయారు. ఈ పనికి తెలివితేటలేం అక్కర్లేదు. కానీ ఆ కాగితం వానలు రాకముందే ఫైర్ స్టేషన్లో, 108 బండిలో, తహసీల్దారు ఆఫీసులో ఉండాలి. ఆశాలూ, మీ దగ్గర లిస్టులున్నాయి. ప్రతి జూన్‌లో మీరే తీసుకుపోయి ఇవ్వండి. అడిగేదాకా ఆగొద్దు. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు అన్నదాన్ని, నా మాట వినండి.

ఇప్పుడు ఇళ్లలో గ్యాసు వచ్చింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల. పంపు స్టౌలు తగ్గాయి, కాబట్టి 'స్టౌ పేలింది' అని రాయడం కూడా కొంచెం కష్టమైంది. ఇప్పుడు 'గ్యాసు లీకైంది' అంటున్నారు. నిజంగా లీకయ్యేవీ ఉన్నాయి. వాసన వస్తే రెగ్యులేటరు కట్టేయండి, తలుపులు తీయండి, స్విచ్చి వేయొద్దు తీయొద్దు, 1906కు ఫోన్ చేయండి. కానీ గ్యాసు లీకైనప్పుడు కోడలు ఒక్కతే ఎందుకు కాలింది, ఆ సమయానికి తలుపు బయటినుంచి ఎందుకు గడియ వేసి ఉంది, ఇవి మొదట చూసేది పోలీసు కాదు, ఫైర్‌మన్. తలుపు ఎట్లా ఉందో, సిలిండరు ఎక్కడుందో ఆయన రిపోర్టులో ఒక వాక్యం రాస్తే కేసు నిలుస్తుంది. అన్నలారా, ఆ వాక్యం రాయండి. రాసినందుకు మీకు బదిలీ వస్తే మా దగ్గరికి రండి, ఈ ఆడవాళ్లందరం కలిసి ఆఫీసు ముందు కూర్చుంటాం. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఆ వామిదొడ్డి ఆయనకు బదిలీ వచ్చినప్పుడు మేం కూర్చోలేదు, ఆ బాకీ మాకుంది.

మాట్లాడింది చాలు. ఆ బకెట్‌లో నీళ్లు తెచ్చిపెట్టాను. ఇదిగో కటింగ్ ప్లేయర్, జమ్మలమడుగులో కొన్నాను, మా పాత సెంటరుకు ఇచ్చి పోతాను. ఉంగరం బిగుసుకుంటే దారం చుట్టి ఎట్లా లాగాలో 108 పిల్లవాడు చూపిస్తాడు. గాజు ఎట్లా కత్తిరించాలో నేను చూపిస్తాను. ముందు నావే తీస్తున్నాను, చూడండి, మా ఆయన ఇంట్లో క్షేమంగా టీవీ చూస్తున్నాడు. ఆ మూల కూర్చున్న కొత్త పెళ్లికూతురా, నిన్నే, పచ్చగాజులమ్మాయీ, రామ్మా. చెయ్యి ఇటియ్యి.